ఖాళీ సీటుకి బెల్టు

దెయ్యాలను నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మను. పలాసలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. అక్కుపల్లిలో మా అత్తవారి తాలూకు బంధువులు చెప్పుకు తిరుగుతున్న కథ ఒప్పుకోలేకే ఇది రాస్తున్నాను.

మా కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్న రోజునే మా అత్త పసుపు కుంకాలు పెట్టి, ఎడమ సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద పిడికెడంత ఇత్తడి గంగమ్మని గట్టి గమ్ముతో అంటించేసింది. సరిగ్గా అక్కడే ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషులో ఉంది.

"ఏటో రాసుంది గానీ, అమ్మోరు కూకోడానికి సాపుగా ఉందిరా" అంది కొడుకుతో. చేపల వేటకెళ్లే పడవకి అమ్మవారు ముందుండాలి, కారుకీ అంతేనని ఆవిడ లెక్క.

ఆ సీటు ఆవిడదే. బెల్టు పెట్టుకోమంటే ఊపిరాడదనేది. బెల్టు పెట్టుకోకపోతే మా కారు కూత పెడుతుంది, బెల్టు నొక్కితే తప్ప ఆ కూత ఆగదు. అందుకని బెల్టుని వీపు వెనక నుంచి లాగి నొక్కేసి, దానికి ఆనుకుని దర్జాగా కూర్చునేది. కిందటేడు కిడ్నీ జబ్బుతో పోయింది. తర్వాత ఆ సీట్లో నేనూ, నా ఒళ్లో మూడేళ్ల మా పాపా కూర్చునేవాళ్లం.

ఆ రోజు నందిగాంలో పెళ్లికి బయల్దేరాం. మా ఆయన కారు స్టార్ట్ చేశారు. నేనూ పాపా ఇంకా బయటే ఉన్నాం. ఎడమ సీటు ఖాళీ. అయినా బెల్టు పెట్టుకోమని కూత మొదలైంది. సీటు మీద సంచీ కూడా లేదు. చేత్తో తడిమి చూశాను.

"సెన్సార్ పోయుంటాది. ఎక్కు బేగి" అన్నారాయన.

పాప చెవులు మూసుకుని ఏడుపు లంకించుకుంది. నాకు ఒళ్లు మండింది. "ఈ గోల మీరే వినండి" అని ముందు తలుపు ధడాల్న వేసి, పాపతో వెనక కూర్చున్నాను. కాసేపటికి కూత ఆగింది. హమ్మయ్య అనుకున్నాను.

నందిగాం మలుపులో ముందున్న గడ్డి ట్రాక్టరు ఆగింది. బ్రేకు వేసినా చాల్లేదు, నెమ్మదిగానే తగిలింది. బంపరు సొట్టపోయింది, ఒక లైటు పగిలింది. దానికే రెండు ఎయిర్‌బ్యాగులూ బాంబుల్లా పేలాయి. మా ఆయన చెయ్యి హారన్ మీదుంది. మణికట్టు విరిగింది, ముంజేతి మీద తోలు లేచిపోయింది, కళ్లద్దాలు ముఖం మీదే పగిలాయి. పాపకి చిన్న గీత కూడా పడలేదు.

ఇత్తడి గంగమ్మ ఎగిరొచ్చి ఎడమ సీటులో దిగబడి ఉంది. నా ఒళ్లో కూర్చుంటే పాప తల సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఆసుపత్రి వరండాలో మా పెద్దాడపడుచు దండం పెట్టింది. "అమ్మోరే కాసింది."

నేను ఊరుకోలేదు. "కాసిందేటి వదినా? మీదకి ఎగిరొచ్చింది అమ్మోరే. అక్కడ అంటించింది మనం."

"అలగనకే పిల్లా. మాయమ్మే నిన్ను ఎనక్కి తోలింది."

నన్ను వెనక్కి తోలింది నా కోపం. అదే చెప్పాను.

కానీ కారు బాగుచేయించడానికి టెక్కలి తీసుకెళ్తే, మెకానిక్ లోపలికి తొంగి చూసి అడిగాడు. "ముందు ఎవులు కూకున్నారు మేడమ్?"

ఎవరూ లేరన్నాను.

"మరి బెల్టెందుకు పెట్టుంది?"

చూశాను. ఖాళీ సీటుకి ముందువైపు నుంచే, మనిషి కూర్చున్నట్టు, భుజం దగ్గర్నుంచి నడుం దాకా బెల్టు పెట్టి ఉంది. గుద్దిన రోజు గంగమ్మ తప్ప నాకేమీ కనపడలేదు. గుద్దినప్పుడు బిగిసింది బిగిసినట్టే ఉంది. మా ఆయన పెట్టలేదు. నేను పెట్టలేదు. వెనకున్న పాపకి అందదు. ఆ రోజు కూత ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది. ఎవరు ఆపారో తెలియలేదు.

గంగమ్మని ఇంట్లో పూజగూట్లో పెట్టాను. మళ్లీ కారులో అంటిస్తామని వచ్చినవాళ్లని గుమ్మంలోనే ఆపేశాను. పాపకి వెనక వేరే సీటు కట్టించాను. బెల్టు సంగతి మాత్రం నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అత్తే అంటారు అందరూ. నేను అనను. బతికుండగా ఒక్కనాడూ సరిగ్గా బెల్టు పెట్టుకోని మనిషి ఆవిడ. ఒకవేళ ఆవిడే అయితే, నాకు ఎదురుపడితే మాత్రం నిలదీస్తాను. "ఇంత తెలిసినదానివి, ఉన్నన్నాళ్లూ పెట్టుకుంటే ఏటి పోయేదత్తా?"