నల్లకోటు ఆఖరి వారం

నేను హైస్కూల్లో తెలుగు చెప్పడానికి ఉరవకొండ చేరేనాటికి ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ మర్యాద దక్కుతున్న మనిషి ఒక గూఢచారి. అతను కాగితం మీద తప్ప ఎక్కడా లేడు. ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చే కథకు హీరో. ఎంత ఎండలోనూ కోటు విప్పడు కాబట్టి ఊరంతా అతన్ని నల్లకోటు అనేది. అప్పటికి రెండు భాగాలు అయిపోయి మూడోది, ఆఖరిది, నడుస్తోంది. అవి అరవైల మధ్య రోజులు. ఆ ఏడు వేరుశనగ విత్తడానికి తగిన పదును వాన పడలేదు. చేలో పని లేని మగవాళ్లంతా దేశాన్ని కాపాడే బాధ్యత నల్లకోటుకు అప్పగించి, అతనికి సలహాలు చెప్పే బాధ్యత తాము తీసుకున్నారు.

శుక్రవారం సాయంత్రం గుంతకల్లు బస్సులో పత్రిక వచ్చేది. కట్టలో నాలుగే ప్రతులు. ఒకటి నూనెల అంగడి శెట్టిది. ఆయన చదవడు, చదివించుకుంటాడు. చదివే చోటు బజారులో దర్జీ అంగడి. దర్జీ ఒక సాయిబు, మెత్తటి మనిషి. కథ మొదలుకాగానే మిషను ఆపేసేవాడు. అంగడి వెనక పరదా, పరదా వెనక వాళ్ల ఇల్లు. అక్కడ అతని భార్య చొక్కాలకు కాజాలు కుడుతూ కూర్చునేది. ఆమెకు చదువు రాదు. ఆమె కూడా వింటోందన్న సంగతి మాకెవరికీ పట్టలేదు.

చదివేవాణ్ని నేను. నల్లకోటుకు ఒక గొంతు, శత్రువులకు ఒక గొంతు పెట్టి, మధ్యలో దగ్గి, జనం ఊపిరి బిగబట్టారో లేదో ఓరగా చూసుకుని చదివేవాణ్ని. నా గొంతుకు నేనే ముచ్చటపడేవాణ్ని.

ఆఖరి వారం అంగడి నిండిపోయి జనం రోడ్డు మీద నిలబడ్డారు. దేశ రహస్యాలు అమ్ముకుంటున్న ముఠా నాయకుడెవరో ఆ రోజు తేలాలి. నల్లకోటు బంగళాలో దూరాడు. పిస్తోలు తీశాడు. గది తలుపు తోశాడు. "లోపల కుర్చీలో కూర్చున్న మనిషిని చూడగానే అతని నోటి వెంట" అన్న దగ్గర పేజీ అయిపోయింది. తిప్పాను.

"ఉప్మాలో ఉప్పెక్కువైందని అత్తగారు పళ్లెం విసిరికొట్టింది" అని చదివాను.

చదివాక గానీ ఏం చదివానో నాకు తెలియలేదు. అయినా ఆగలేదు. ఆగితే నాకు అర్థం కాలేదని తెలిసిపోతుంది. కోడలు కళ్లు తుడుచుకుంది. భర్త పేపరు వెనక మొహం దాచుకున్నాడు. ఆడబిడ్డ చాడీలు చెప్పింది. ఎనిమిది పేజీలు అదే గోల. చివరికి కోడలు పెట్టె సర్దుకుని రైలెక్కింది. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో పరుగెత్తుకొస్తున్నాడు. మళ్లీ పేజీ తిప్పితే పైన రెండే ముక్కలు: "దేశం ఊపిరి పీల్చుకుంది. సమాప్తం."

శెట్టి అడిగాడు: "ఏమప్పా అయ్యవారూ, నల్లకోటు యాడికి పోయినాడు?"

పరదా వెనక నుంచి దర్జీ భార్య అంది: "ఇది వేరే కతన్నా. యాడిదో తెచ్చి దీంట్లో అతికించినారు."

"నువ్వుండు" అని దర్జీ లోపలికి కసిరాడు. మెత్తటివాడు కసరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

శెట్టి పత్రిక లాక్కుని అంకెలు చూశాడు. అంకెల విషయంలో ఆయన్ను ఎవరూ మోసం చేయలేరు. "ముప్పై రెండో పేజీ అయినాక పదిహేడు వచ్చిండాది. సూడండి. ఇరవైనాలుగైనాక నలభై ఒకటి. ఇదేం లెక్క?"

అందరూ నా వైపు చూశారు. విద్వాన్ పరీక్ష పాసై అప్పటికి ఏడాది కాలేదు. నాకు తెలియదు అనే మాట ఆ వయసులో నా నోటికి అలవాటు లేదు.

"అదే సంకేతం" అన్నాను.

అనేశాక ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. ముందుకే నడిచాను. ఆ అత్తగారే ముఠా నాయకురాలన్నాను. ఉప్పు అంటే స్వాతంత్ర్య పోరాటమనీ, ఉప్పెక్కువైందంటే దేశభక్తి ఎక్కువైందని ఆమె కోపమనీ చెప్పాను. కోడలి వేషంలో ఉన్నది నల్లకోటే అన్నాను.

"మరి కోటు?" అన్నాడొకాయన రోడ్డు మీద నుంచి.

"పెట్టెలో పెట్టాడు. పెట్టె సర్దుకుందని రాశారు కదా."

"ఆ అంకెలు?" అన్నాడు శెట్టి, వదలకుండా.

"ముప్పై రెండులోంచి పదిహేడు తీసేయండి."

శెట్టి మనసులో తీసేశాడు. "పదిహేను."

"ఆగస్టు పదిహేను" అన్నాను.

శెట్టి కళ్లు చెమర్చాయి. ఆ పూటే మిగతా మూడు ప్రతులూ తెప్పించి చూశాడు. "నాలుగిట్లోనూ అట్లే ఉండాది. తప్పయితే ఒకదాంట్లో అయితాది గానీ నాలుగిట్లోనూ అయితాదా?" అని బజారంతా చెప్పుకొచ్చాడు. మర్నాడు మా హెడ్మాస్టరు నన్ను పిలిచి, వచ్చే ఆదివారం సాహిత్య సభలో దీని మీదే గంటసేపు మాట్లాడమన్నాడు.

మధ్యలో పరీక్ష పేపర్లు దిద్దే పని మీద అనంతపురం పోయాను. అక్కడి రీడింగ్ రూములో అదే వారపత్రిక బల్ల మీద కనబడింది. ముప్పై రెండో పేజీ తర్వాత ముప్పై మూడు ఉంది. నల్లకోటు నోటి వెంట మాట రాలేదట. కుర్చీలో కూర్చున్నది అతని పై అధికారి. మొదటి భాగం నుంచీ ఎవరైనా ఊహించగలిగిందే. అధికారి తప్పు ఒప్పుకున్నాడు, నల్లకోటుకు పతకం ఇచ్చారు, దేశం ఊపిరి పీల్చుకుంది. మాకు వచ్చిన ఎనిమిది పేజీలు అదే ప్రెస్సులో అచ్చయ్యే ఒక స్త్రీల మాసపత్రికవి. దాని పాత సంచిక పక్క బల్ల మీదే ఉంది. అందులో ఆ సీరియల్ ముందు భాగం ఉంది: అదే అత్తగారు, అదే ఆడబిడ్డ.

రెండు పత్రికలూ మూసి మిగతావాటి అడుగున పెట్టేశాను.

తిరుగు బస్సులో నిజం చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఆదివారం సభలో గంటంపావు మాట్లాడాను. తెలిసే మాట్లాడాను. తెలియక మాట్లాడినప్పటికంటే ఇంకా బాగా మాట్లాడాను. ఆడబిడ్డ చాడీలు పొరుగు దేశపు రేడియో అన్నప్పుడు చప్పట్లు ఆగలేదు. శాలువా కప్పారు.

ఆ తర్వాత రెండు వారాలు దర్జీ అంగడి వైపు పోలేదు. కుట్టించిన చొక్కా కోసం ఒక మధ్యాహ్నం తప్పనిసరై పోతే దర్జీ మిషను మీద ఉన్నాడు. చొక్కా చుట్టి ఇస్తుంటే పరదా కదిలింది.

"అయ్యవారూ, ఒక మాట అడగల్లనుకుంటి" అంది ఆమె. "ఆ ఉప్మా కతలో పిల్ల రైలెక్కినాక ఎనకాల పరిగెత్తుకొచ్చినోడు ఎవరు? ఆ కత మిగతాది యాడ దొరుకుతాది?"

ఊరంతటిలో ఆ కథను కథలా విన్న మనిషి ఆమె ఒక్కతే. నేను ముక్కాలిపీట మీద కూలబడి అనంతపురంలో చూసిందంతా చెప్పేశాను.

"నేను ఆ పొద్దే చెప్తి గదా" అందామె. అందులో గెలిచిన ధ్వని కూడా లేదు. "నాకు దాంతో పని లేదు. ఆ పిల్ల ఏమాయనో చెప్పండి."

దర్జీ తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు. దారం అప్పటికే ఎక్కి ఉంది.

ఒకరికి చెప్పాక ధైర్యం వచ్చి శెట్టి దగ్గరికి పోయాను. ఆయన చివరిదాకా విని, నా మీద జాలిపడి గొంతు తగ్గించాడు. "అనంతపురానికి దొంగది పంపినారు, అయ్యవారూ. ఆడ ఆఫీసర్లుంటారు గదా. అసలుది మనకొచ్చింది. మీరు భయపడొద్దండి, నేను ఎవురికీ చెప్పను." నేను నోరు తెరిస్తే, "పదిహేను ఊరికే వస్తాదా?" అన్నాడు. అంత బాగా పాఠం చెప్పినందుకు నన్ను నేను తిట్టుకుంటూ లేచి వచ్చాను.

మాసపత్రిక వాళ్లకు ఉత్తరం రాసి ఆ కథ మిగతా భాగం ఉన్న సంచిక తెప్పించాను. దర్జీ మిషను ఆపాడు. ఈసారి పరదా వైపు తిరిగి, గొంతులు మార్చకుండా చదివాను. పరుగెత్తుకొచ్చింది భర్తే. గొలుసు లాగించి రైలు ఆపాడు. "మా అమ్మ కాళ్లు పట్టుకుని క్షమాపణ అడుగు, అంతా సర్దుకుంటుంది" అన్నాడు. కోడలు ఆనందబాష్పాలతో రైలు దిగింది. ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంది. అత్తగారు మనసు కరిగి, ఉప్మా తినిపించింది.

పరదా వెనక పళ్లతో దారం తెంపిన చప్పుడైంది.

"అంతేనా?"

"అంతే" అన్నాను.

"దీని మొగాన మన్ను బడ. పెట్టెలో కోటుండాదని మీరు చెప్పిన కతే మేలు. ఆ పుస్తకం ఇంగ తెప్పీయొద్దండి" అని, కాజాలు కుట్టడం అయిపోయిన చొక్కాల దొంతర పరదా కింద నుంచి అంగడిలోకి తోసింది.