పుత్తూరు మిషన్ గంట

నేను తిరుపతిలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. దయ్యాలు, ఆత్మలు అనేవాళ్లను చూసి నవ్వుకునే మనిషిని. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పాత టైప్‌రైటర్లు కొని బాగుచేసుకోవడం నాకు సరదా. నిరుడు పుత్తూరులో ఒక తెలుగు మిషన్ దొరికింది. అక్కడ చాలాకాలం టైపు నేర్పి, ఆమధ్య చనిపోయిన ఒక పెద్దాయనది. ఆయన కూతురు రూతమ్మ అమ్మింది.

ఇంటికి తెచ్చి విప్పితే లోపల గంట లేదు. లైను అయిపోవస్తుంటే టింగుమనే చిన్న గిన్నె అది. కొట్టే సుత్తి ఉంది. గిన్నె ఉండాల్సిన చోట మర రంధ్రం ఒక్కటే ఉంది. ఒళ్లు మండి రూతమ్మకు ఫోన్ చేశాను.

"గంట పీకి దాచుకుని మిషన్ అంటగడతారా?" అన్నాను.

"దాచుకోలేదు సార్. ఆఖర్లో నాయన ఆ గంట అడిగినాడు. చేతిలో పెట్టి పూడ్చినాం. మీకు ముందే చెప్పాల్సింది," అంది.

క్షమించమని కూడా అనకుండా ఫోన్ పెట్టేశాను.

తర్వాత మిషన్‌ను కిరసనాయిలుతో కడిగి, నూనె వేసి, కొత్త రిబ్బన్ ఎక్కించాను. ఒక ఆదివారం పొద్దున కాగితం పెట్టి కొట్టి చూశాను. లైను చివర గంట మోగింది.

వంటింట్లోంచి మా ఆవిడ, "గంట దొరికినట్టుండాదే," అంది.

అలమరలోని మిషన్లలో ఏదో ఒకదాని గంట అదిరి ఉంటుందని వాటన్నిటినీ పక్కగదికి మార్చాను. మళ్లీ కొట్టాను. మళ్లీ మోగింది. విప్పి వేలు పెట్టి తడిమాను. ఖాళీ రంధ్రమే తగిలింది. మా ఆవిడకు ఏమీ చెప్పలేదు.

కొన్నాళ్లకు రూతమ్మ ఆస్పత్రి పనిమీద తిరుపతి వచ్చింది. మిషన్ ఒకసారి చూసుకుంటానంటే రమ్మన్నాను. కూర్చుని, వాళ్ల నాయన పేరే పదేపదే కొట్టుకుంటూ పోయింది. చివర్లో గంట మోగింది.

ఆమె వేళ్లు ఆగిపోయాయి. పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కొత్త గంట ఏసినారా సార్? అచ్చం నాయన గంట మాదిరే ఉండాది. మిమ్మల్ని తప్పుగా అనుకున్యా ఆ పొద్దు."

నేను తలవంచుకుని, "అవునమ్మా, వేశాను," అన్నాను.

ఆమె నాకు చేతులెత్తి దండం పెట్టి వెళ్లింది. ఆ మోత ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ దండం ఎందుకు పెట్టించుకున్నానో కూడా తెలియదు.