బోర్లించిన చీటీ

ఆయమ్మ పేరు నాకిప్పటికీ తెలీదు. నంద్యాలలో ఒక ఆస్పత్రి కౌంటర్లో కూర్చునేది.

రోజంతా కూర్చుని విగ్రహాలు చెక్కేవాన్ని, నాకు మొలలు రాక ఏమొస్తాయి? ఆళ్లగడ్డలో చూపించుకుంటే ఊరంతా తెలుస్తుందని బస్సెక్కి ఆడికి పోయినా. జబ్బు చెప్పబోతే ఆయమ్మ చీటీ, పెన్ను ముందుకు తోసి, "నోటితో చెప్పద్దప్పా, రాసియ్యి" అనింది. రాసిస్తే బోర్లించి, పైన అరచెయ్యి పెట్టింది. ఎవరొచ్చినా అంతే. రిపోర్టు ఫోనుకు పంపమంటే, "నీ చేతికే ఇస్తా" అని మడిచి పిన్ను కొట్టింది.

"ఏం చాదస్తమమ్మా నీది!" అని విసుక్కున్నా.

తిరుగు బస్సులో పిన్ను పీకి, ఫోటో తీసి బామ్మర్దికి పంపినా. అది పోయింది మా శిల్పుల గ్రూపుకని దిగేదాకా తెలీలేదు. బస్టాండులోనే ఒకడు, "కూర్చోగలుగుతాండావా అన్నా?" అని పలకరించినాడు.

నెల తర్వాత మళ్లీ పోతే తోటి శిల్పులిద్దరు తోడొచ్చినారు. ఇంక దాచేదేముంది? ఆయమ్మ నన్ను ఎప్పుడూ చూడనట్టే చీటీ తోసింది.

"రాసేదేందమ్మా, వీళ్లిద్దరికీ తెలుసు."

"నాకు తెలీదప్పా. రాసియ్యి."

రాసినా. ఈసారి నేనే బోర్లించి, అరచెయ్యి పెట్టి మరీ ఇచ్చినా.