చట్టం వచ్చాకే చెల్లింపు

నరసాపురంలో ప్లీడరు మణిశంకర్ గారికి ఒకటే పిచ్చి. క్రికెట్ పందేల మీద ఉన్న నిషేధాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఎత్తేయాలి. ఏళ్ళ తరబడి ఎవరు కనబడినా ఆయనది అదే గోల. పెళ్ళికి వెళితే అక్షింతలు వేసి, పెళ్ళికొడుకు చెవిలో "ఈ అసెంబ్లీ సమావేశాల్లో బిల్లు ఖాయమండి" అనేవారు. పళ్ళ డాక్టరు పన్ను పీకుతున్నప్పుడు కూడా ఆయన బిల్లు గురించే మాట్లాడారని ఊళ్ళో చెప్పుకునేవారు.

అంతటి మనిషీ తను మాత్రం చట్టం దాటరు. "డబ్బు చేతులు మారితే నేరమండి. పందెం ఇవాళ కాద్దాం, చెల్లింపు చట్టం వచ్చాక చూసుకుందాం" అని చేతిలో చెయ్యి వేయించుకునేవారు. పైగా భీమవరం బుకీల కంటే రెట్టింపు ఇస్తానని ఆశ పెట్టేవారు. దాంతో పందెం రాయుళ్ళంతా భీమవరం ఫోన్లు చేసే ఎస్టీడీ బూత్ వదిలేసి ఆయన వీధి అరుగు మీద చేరారు.

వాళ్ళలో చేపల వేటకెళ్ళే గంగాధర్ ఒకడు. టీవీలో మ్యాచ్ ఉందంటే వాడికి ఒళ్ళు తెలియదు. ఒక ఫైనల్ రోజు ఏకంగా పడవ ఇంజను ఒడ్డి ఓడిపోయాడు. ఆ ఇంజను అతని భార్య బేబీ చీటీ పాడి కొన్నది.

"ఇంజను ఒడ్డేశావా? రేపట్నించి తెడ్డేసుకుని పోతావా సముద్రంలోకి?" అంది బేబీ.

"ఇప్పుడే ఇవ్వక్కర్లేదే. చట్టం వచ్చాకే."

"అదెప్పుడొస్తది?"

"ఈ సమావేశాల్లోనే అంటున్నారు ప్లీడరు గారు. ఆయనన్నారంటే రాదులే."

బేబీకి ఆ ధీమా చాలలేదు. నేరుగా అరుగు దగ్గరికెళ్ళి నిలదీసింది.

"మా ఆయనకి పందేలు నేర్పుతున్నారేంటండీ?"

"నేర్పడమేంటమ్మా! వాడు పుట్టుకతోనే పండితుడు."

"ఇంజను పోతే మా నోట్లో మట్టేనండి."

"బిల్లు రానీ తల్లీ, చూద్దాం" అన్నారాయన నవ్వుతూ. బేబీ దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూ ఇంటికి చేరింది.

ఆ ఏడాది కొత్తగా గెలిచిన ఎమ్మెల్యే గారు ఒకరోజు పొద్దున్నే ప్లీడరు గారింటికొచ్చారు. పందేల చట్టం కోసమేనని ఊరంతా గుప్పుమంది. ఇక ఇంజను పోయినట్టే అనుకున్నాడు గంగాధర్. కాళ్ళావేళ్ళా పడి గడువైనా అడుగుదామని పరుగెత్తాడు. తీరా వెళ్ళాక లోపల మాటలు వినబడి కిటికీ దగ్గరే ఆగిపోయాడు.

"మీ పోరు పడలేక పెద్దలతో మాట్లాడానండి. ఈసారి సభలో నేనే లేవనెత్తుతాను" అంటున్నారు ఎమ్మెల్యే గారు.

ప్లీడరు గారు కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టేశారు. "వద్దండి!"

"వద్దా? ఇన్నేళ్ళుగా అడుగుతున్నది మీరే కదండీ!"

"అడగడం నా అలవాటండి. ఇవ్వకపోవడం ప్రభుత్వం అలవాటు. మధ్యలో మీరొచ్చి పాడుచెయ్యకండి."

"అదేంటండీ?"

"చట్టం వస్తే పల్లంరాజు మేడ నాది. సత్తియ్య గేదెలు నావి. గంగాధర్ పడవ ఇంజను నాది. గేదెల్నీ ఇంజన్నీ పెట్టుకుని నేనేం చేసుకోనండీ? నా దగ్గర ఓడినన్నాళ్ళూ వాళ్ళవి వాళ్ళ దగ్గరే ఉంటాయి. భీమవరంలో ఓడితే ఉంటాయా? చట్టం రాగానే వీధి వీధికీ పందేల దుకాణం తెరుస్తారు. నా అరుగు మీదకి ఇంకెవడొస్తాడు?"

ఎమ్మెల్యే గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అయితే నన్నేం చెయ్యమంటారు?"

"నేను అడుగుతూనే ఉంటాను. మీరు పరిశీలిస్తాం అంటూ ఉండండి."

"అదైతే మాకు కష్టం లేదండి" అని ఆయన కారెక్కారు.

గంగాధర్‌కి ప్లీడరు గారి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక్క పరుగున ఇంటికెళ్ళి బేబీకి అంతా చెప్పాడు. తను తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఆవిడ నాలిక్కరుచుకుంది. అంతలోనే అనుమానమొచ్చింది.

"మరి మొన్న నువ్వు ఆయన దగ్గర గెలిచిన కొబ్బరితోట?"

"అదీ రాదే."

బేబీ పెద్ద మనసు చేసుకుంది.

"సర్లే, పెద్దాయన. మన తోట ఆయన్నే ఉంచుకోమను. కాయలు కూడా ఆయన్నే వాడుకోమన్నానని చెప్పు."