మూడో పాటలో పేర్లు

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఈశ్వరి గొంతు తెలిసినంతగా ఈశ్వరి మొహం ఎవరికీ తెలియదు. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకు చూపు మందగించింది. తెగిన పోగు కనబడక అమ్మ తడుముకుంటుంటే చూడలేక, పుస్తకాల సంచి మేకుకు తగిలించి మగ్గం దగ్గర కూర్చుంది. మళ్లీ దాన్ని దించలేదు. ఇంటికి ఎవరైనా వస్తే కండెలు చుట్టే రాట్నం వెనక్కి జరుగుతుంది. అంగట్లో వెనకవాళ్లు తనను తోసుకుని ముందుకు పోయినా నోరెత్తదు.

కానీ వీధిలో ఏ పెండ్లికి నలుగు పెట్టినా పాడటానికి మొదటి చాప ఆమెకే వేస్తారు. అమ్మను కన్న అవ్వ పోయినాక నలుగు పాటలన్నీ ఆమె దగ్గరే మిగిలాయి. తల వంచుకుని ఆమె మొదలుపెడితే, నోరుగల ఆడవాళ్లంతా ఆమె వదిలిన చోట అందుకోవాల్సిందే. ఆ పూట మాత్రం "ఈశ్వరి యాడ?" అని నలుగురూ వెతుకుతారు. ఆమెకు లోకంలో ఉన్నది ఆ చాపంత చోటే.

ఆ చాప మీదికి మేనమామ కూతురు సుమతి వచ్చింది. మామ ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేస్తాడు. అక్కడే పుట్టి పెరిగి డిగ్రీ చదువుతున్న సుమతి, గిటారు వాయించే రఘునాథ్, చర్చిలో డ్రమ్ములు కొట్టే జోయల్ కలిసి బ్యాండు పెట్టారు. దానికి 'జొన్నసొప్ప' అని పేరు. "ఎనుములు మేసిపోతాయి, బద్రం!" అని వీధంతా నవ్వింది.

మొన్న ఎండాకాలం సుమతి వచ్చి, రికార్డింగు నొక్కి రాట్నం పక్కన ఫోను పెట్టింది.

"వదినా, నలుగు పాట ఒకటి పాడు. మా మొదటి ఆల్బంలో పెట్టుకుంటాం."

"అది అవ్వ పాట."

"అవ్వ నాగ్గూడా అవ్వే కదా!"

ఈశ్వరికి చివుక్కుమంది. ఆఖరి రోజుల్లో అవ్వకు గంజి తాగించింది తను. పాటలు నేర్చుకున్నదీ తనే. అయినా కాదనలేకపోయింది. ఆ పాటలో పెండ్లికూతురి పేరు, పెండ్లికొడుకు పేరు తగిలించనిదే ముందుకు సాగదు. పెండ్లేమో లేదు. ఎదురింటి అరుగు మీద ముసలి నరసప్ప తాత, ఆయన పెండ్లాం హులిగమ్మవ్వ వక్కాకు నములుతూ కనబడ్డారు. ఆ ఇద్దరి పేర్లే పెట్టి పాడేసింది.

దసరా ముందు సుమతి ఆల్బమంతా ఫోనుకు పంపింది. "తప్పులుంటే ఇప్పుడే సెప్పు వదినా. ఇంకా బయటికి ఇడ్సలేదు."

మూడోది ఆ పాటే. బాగుండకూడదని మొక్కుకుంటూ విన్నది ఈశ్వరి. బాగుంది. ఇంతలో పేర్లు వినబడ్డాయి. నరసప్ప, హులిగమ్మ. ప్రతి పెండ్లికీ పేర్లు మారతాయని ఆదోని పిల్లకు తెలియదు, ఉన్నదున్నట్టు పాడేసింది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"బాగుంది" అని పంపి ఫోను బోర్లించింది ఈశ్వరి.

ఆల్బం బయటికొచ్చిన వారానికే అదే వీధిలో రేణుక పెండ్లి వచ్చింది. రేణుక అన్న రామాంజి నలుగుకు స్పీకరు తెచ్చాడు. "ఈతూరి ఆల్బం పాటే పెడ్దాం! పాడిన పిల్లనే ఆదోని నుంచి పిలిపించినాం." మొదటి చాప సుమతికి వేశారు. ఈశ్వరి పసుపు గిన్నె పట్టుకుని గోడకు ఆనుకుంది. పాటలో పేర్లు వచ్చే చోటు కోసమే కాచుకుంది.

పాట మొదలైంది. చరణం చివర సుమతి గొంతు సాగి మెలి తిరుగుతుంటే ఆడవాళ్లు తలలూపారు. తర్వాత "పీట మీద కూర్చున్న పెండ్లికూతురు హులిగమ్మ" అంది స్పీకరు.

"ఓరి నాయనా, ఈ వయసులో నాకు మళ్లా నలుగేందిరా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది హులిగమ్మవ్వ.

"పెట్టనీలేమే, నేను రెడీ!" అన్నాడు బయటినుంచి నరసప్ప.

అందరూ పగలబడి నవ్వారు, రేణుక తల్లి అంబమ్మ తప్ప. "నా బిడ్డకు పసుపు పూస్తాంటే ఇంకొకామె పేరు పలుకుతాదా? ఆపండ్రా దాన్ని!"

రామాంజి ఆపేశాడు. సుమతి మొహం పాలిపోయింది. "నీకు ముందే పంపిస్తి కదా వదినా?" అంది మెల్లగా.

ఈశ్వరి గిన్నెలోకి చూసింది. "నేను సరిగ్గా ఇనలేదు."

సుమతి ఆమె మొహం వంక చూసింది.

"నువ్వు రామ్మా ఈశ్వరీ," అంది అంబమ్మ. "మాకు నీ పాటే సాలు."

సుమతి లేచింది. ఈశ్వరి చాప మీద కూర్చుని తల వంచుకుని అందుకుంది. రేణుక పేరు, పెండ్లికొడుకు నాగేంద్ర పేరు ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. రెండో చరణం చివర, అవ్వ ఠక్కున తెంపేసే చోట, గొంతు ఆగలేదు. సాగి, కిందికి జారి, మెలి తిరిగి పైకి వచ్చింది. సుమతి పాటను రాట్నం వెనక ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు.

"అబ్బ!" అంది అంబమ్మ కండ్లు మూసుకుని. "అచ్చం సుమతి పాడినట్టే పాడ్తాండావు గదమ్మా!"

ఈశ్వరి చెవులు మండాయి. తర్వాతి చరణం చివర పంతంగా, అవ్వలాగే తెంపేసింది.

ఆడవాళ్లెవరూ ఆగలేదు. అందరూ ఒక్క గొంతుతో సాగదీసి, మెలి తిప్పి పాడుతూనే ఉన్నారు. వాళ్లు ముగించేదాకా ఈశ్వరి నోరు మూసుకుని కూర్చుంది.