ఏడో కుందేలు దర్జీ

టోక్యోలో హరజుకు పేట వెనక సందులో, పాన్‌కేకుల కొట్టు మీది అంతస్తులో ఉంది మా దుకాణం. పేరు 'ఏడో కుందేలు'. కుచ్చుల మీద కుచ్చులు పేర్చిన గౌన్లు, గబ్బిలం రెక్కల్లాంటి కాలర్లు, టీకప్పు ఆకారం టోపీలు మా సరుకు. వీటన్నిటినీ కుట్టేది అరవైకి దగ్గరపడ్డ, బండరాయి లాంటి భుజాలున్న మగమనిషి అంటే కొత్తగా వచ్చేవాళ్ళు నమ్మరు. లోపలి గదిలోకి తొంగిచూసి, "ఆయన సామాన్లు మోసేవాడు కాదా?" అని నన్నడుగుతారు.

ఆయన పేరు కుమెదా; గారు అన్నట్టు మేం కుమెదా సాన్ అంటాం. దర్జీ కావాలని నేను తలుపుకి అంటించిన కాగితం చూసి వచ్చాడు. ఎక్కడ నేర్చుకున్నారంటే, "ఉత్తరాన ఒక ఫ్యాక్టరీలో. పనివాళ్ళ బట్టలు కుట్టేవాళ్ళం" అన్నాడు. లేసు అంతకుముందెప్పుడూ ముట్టుకోలేదట. ఒక లోపలి పావడా తీసుకుని, తిరగేసి, పొద్దు వాలేదాకా దాని కుట్లే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు అలాంటిదే ఇంకొకటి కుట్టి నా బల్ల మీద పెట్టాడు. ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలియలేదు.

ఒకసారి చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి వచ్చింది. మా గౌను వేసుకుంటే కుచ్చులన్నీ వెనక నలిగిపోయి, ముందు ఒళ్ళో గుట్టలా లేస్తున్నాయని బాధపడింది. ఆ మర్నాడు కుమెదా సాన్ గులాబీరంగు పావడా నడుముకి కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. రోజంతా అలాగే ఉండి, ఎక్కడ నలుగుతోందో సుద్దతో గీతలు పెట్టుకున్నాడు.

మా కౌంటర్లో ఉండే రురికా ఊరుకునే రకం కాదు. "బాబాయ్, ఆ పావడా మీకు భలే నప్పింది. ఇంటికి అలాగే వెళ్ళండి."

"నీ పచ్చ జుట్టు పక్కన నన్నెవరు చూస్తార్లే" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

మాటకి మాట అంటాడు గానీ, పని అయ్యాక మాతో ఎక్కడికీ రాడు. మందు ముట్టడు. రురికా పుట్టినరోజుకి మాత్రం ఆ పిల్ల పట్టుబట్టింది. "అందరూ రావాలి. ఎక్కడికో చెప్పను. బాబాయ్, పంటినొప్పి అన్నారంటే డాక్టరు దగ్గరికి నేనే ఈడ్చుకెళ్తా."

షిబుయాలో ఒక నేలమాళిగ మెట్లు దింపింది మమ్మల్ని. కింద ఇనుప గేటు. పోలీసు టోపీ పెట్టుకున్న అమ్మాయి రురికా చేతులకి బేడీలు తగిలించింది, తలా ఒక నంబరు బిళ్ళ ఇచ్చింది. అది సరదాకి జైలులా అలంకరించిన హోటలు. మెట్ల మీదే ఆగిపోయిన కుమెదా సాన్‌ని రురికా వెనకనుంచి నవ్వుతూ తోసింది. మా గదికి ఊచల తలుపు వేసి తాళం పెట్టారు. రంగు పానీయాలు గాజు గొట్టాల్లో వచ్చాయి, కూర సత్తు పళ్ళేల్లో వచ్చింది. అమ్మాయిలు ఒకటే నవ్వులు, ఫొటోలు.

కుమెదా సాన్ ఒక మూల మోకాళ్ళ మీద నిటారుగా కూర్చున్నాడు. పిడికిళ్ళు తొడల మీద, చూపు నేల మీద. అప్పుడు జైలరు వేషంలో ఒక ముసలాయన వచ్చి ఊచల అవతలనుంచి నంబర్లు పిలిచాడు. మేం పకపకలాడుతూ చేతులెత్తాం. "ఇరవై మూడు" అన్నాడు.

కుమెదా సాన్ చటుక్కున లేచి నిలబడి, "ఉన్నాను" అన్నాడు. అలాంటి గొంతు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు.

"బాబాయ్ ఇంత నటుడా" అని రురికా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆయన మెడ మీద చెమట కనిపించింది.

జైలరు కాసేపు ఆయన మొహంలోకే చూశాడు. తర్వాత నాటకం గొంతు పెంచి, "ఈయన్ని లోపల పెట్టిన మొద్దు ఎవరు? ఈయన శిక్ష ఎప్పుడో పూర్తయిపోయింది" అంటూ తాళం తీశాడు. టోపీ చేతిలోకి తీసుకుని నడుము దాకా వంగాడు. "దయచేసి బయటికి రండి, కుమెదా సాన్."

అమ్మాయిలు ఈలలు వేశారు. మేమెవరమూ ఆయన పేరు చెప్పలేదని నాకు అప్పుడు తట్టింది.

తర్వాత దీపాలు ఆర్పి, దయ్యం మాస్కులు పెట్టుకున్న హోటలువాళ్ళు ఊచలు కొడుతుంటే అందరూ కేకలు పెట్టారు. ఊచల బయట బల్ల మీద కుమెదా సాన్, ఆ జైలరు చేతుల్లో టీ గ్లాసులతో పక్కపక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున షాపు తెరవకముందే ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. ఒకప్పుడు లారీ డ్రైవరు. తాగి నడిపి ఒకాయన ప్రాణం తీశాడు. ఉత్తరాన ఫ్యాక్టరీ అన్నది జైల్లో కుట్టుపని షెడ్డు. నిన్నటి జైలరు సుగినుమా సాన్ ఆ షెడ్డుకి నిజంగానే కాపలా ఉద్యోగి. రిటైరయ్యాక ఇంట్లో ఊసుపోక ఆ హోటల్లో చేరాడు.

"ఇన్నాళ్ళూ దాచాను. ఇక రాను" అన్నాడు.

రురికా తన కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. తర్వాత అడిగింది. "ఆ చనిపోయినాయన పేరేంటి?"

"సవమురా. బడిలో వంటవాడు. సైకిల్ మీద ఇంటికెళ్తున్నాడు."

"వాళ్ళింటికి వెళ్ళారా?"

"రావద్దన్నారు. ఏటా ఆ రోజున వాళ్ళ ఊరి స్టేషన్ దాకా వెళ్తాను. అక్కడే కాసేపు నిలబడి వచ్చేస్తాను."

ఆ పిల్ల కళ్ళకి పెట్టుకున్న నల్లరంగంతా చెంపల మీదికి జారింది. "నిన్న మిమ్మల్ని తోశాను కదా."

"నీకేం తెలుసమ్మా."

ఇక నేను కలగజేసుకోక తప్పలేదు. "శనివారం పెళ్ళికూతురికి నల్ల గౌను ఇవ్వాలి. చేతులింకా కుట్టనే లేదు. అది ఎవరు కుడతారనుకుని వెళ్తున్నారు?"

ఆయన నా వైపు, రురికా వైపు చూసి, లేచి లోపలికెళ్ళాడు. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది.

పది రోజులకి సుగినుమా సాన్ మా మెట్లెక్కి వచ్చాడు. గబ్బిలం రెక్కల అమ్మాయిలు పక్కకి ఒత్తిగిలి దారిచ్చారు. "హోటలువాళ్ళ కోటు నైలానుది, ఒకటే దురద. నాకు ఒక మంచి జైలరు కోటు కావాలి" అన్నాడు.

కుమెదా సాన్ టేపు తీశాడు. "చేతులు పైకెత్తండి."

సుగినుమా సాన్ ఎత్తాడు. "సోదాకి నేను రోజూ మీతో అన్న మాట ఇది."

"కదలకండి. చంకలో బిగుసుకుంటే మళ్ళీ నన్నే తిడతారు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కుమెదా సాన్ కుట్టింది నల్ల మఖమలు కోటు, మణికట్ల దగ్గర మూడు వరసల కుచ్చులు. అది వేసుకున్నాక హోటల్లో సుగినుమా సాన్‌తో ఫొటో దిగడానికి జనం ఆగుతున్నారట.

ఇప్పుడు సెలవు రోజుల్లో ఆయన మా లోపలి గదిలో కూర్చుని, సాయం చేస్తానని గుండీలు కుడుతుంటాడు. ఆయన వెళ్ళాక కుమెదా సాన్ వాటన్నిటినీ విప్పి మళ్ళీ కుడతాడు. ఆ సంగతి మేమెవరమూ సుగినుమా సాన్ దగ్గర ఎత్తం.