మార్కెట్లో గంటల వేలం

నేను కాపురానికొచ్చిన మర్నాడు మా అత్తయ్య "అమ్మాయ్!" అని పిలిస్తే నాకంటే ముందు మూడో ఇంటి కోడలు పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య గొంతు అలాంటిది.

కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలం పాడించడం ఆవిడ పని. తెల్లవారుతుండగా లారీల్లోంచి సరుకు దిగగానే బస్తాల మీదికెక్కి నిలబడి "ఒకటోసారి... రెండోసారి..." అని అందుకుందంటే, గేటు బయట టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు వదిలేసి లోపలికి వచ్చేవారు. మామయ్య చిన్న వయసులోనే పోతే, ఆ గొంతుతోనే ఇద్దరు కొడుకుల్ని పెంచుకొచ్చింది. మా సందులో ఆవిణ్ణి అందరూ మైకత్త అనేవారు. చాటున కాదు, మొహం మీదే. ఆవిడ కూడా నవ్వుతూ పలికేది. ఇబ్బందల్లా, మార్కెట్లో వాడిన గొంతునే ఇంట్లోనూ వాడేది. ఉప్పు డబ్బా అందుకోమన్నా సందు సందంతా ఉప్పు కోసం వెతికేది.

మా సందులో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. రెండు ఇళ్ళకీ మధ్య ఒకే గోడ. ముందు ఒక గది, వెనక వంటిల్లు, అంతే. ఇటు తుమ్మితే అటు నుంచి పలకరిస్తారు. ఇంటింటా టీవీ, ఒక్కో ఇంట్లో ఒక్కో చానల్. సందు మొదట్లో వెల్డరుగారి షాపు. పగలంతా ఇళ్ళకు వెళ్ళి గేట్లు, కిటికీ గ్రిల్సు బిగించి, సాయంత్రం వచ్చి ఇనుము కొయ్యడం మొదలుపెట్టేవాడు. ఆ కోత మిషను మోత వింటుంటే పళ్ళు జివ్వుమనేవి.

ఆ ఏడు పదో తరగతి ఫలితాలొస్తే మా సందు పిల్లల్లో సగానికి పైగా తప్పారు. స్కూలు హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా మా సందుకొచ్చి, మా మెట్టు మీదే కూర్చున్నారు.

"మీ పిల్లలు మొద్దులు కాదండీ. క్లాసులో చెప్తే చక్కగా అర్థం చేసుకుంటారు. ఇంటికొచ్చాకే ఏమవుతోందో తెలియట్లేదు," అన్నారు.

చుట్టూ చేరిన తల్లిదండ్రులు పిల్లల వంక చూశారు. టైలరు కూతురు మాత్రం ఊరుకోలేదు. లెక్కలు, సైన్సు రెండూ తప్పిన పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయున్నాయి.

"ఎక్కడ చదవమంటారు మేడమ్? ఒక పక్క టీవీ, ఒక పక్క వెల్డింగు షాపు, ఇంకో పక్క మైకత్త!"

అందరూ గొల్లున నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వాపుకోలేకపోయారు. అత్తయ్య ఒక్కత్తే నవ్వలేదు. మెల్లగా లేచి లోపలికెళ్ళింది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

"అమ్మాయ్, ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధం ఉందంటావా?" అని అడిగింది నన్ను.

"లేదత్తయ్యా."

"మరి నువ్వన్నా ఒకసారి చెప్పొచ్చుగా?"

"చెప్తే మీకు వినపడాలిగా!"

నోరు జారాననుకుని నాలిక్కరుచుకున్నాను. ఆవిడ నా వంక చూసి పకపకా నవ్వింది. పళ్ళెం ముందుకు లాక్కుని, "సరే, రేపట్నించి చూద్దాం," అంది.

మర్నాడు సాయంత్రం మా టీవీ ప్లగ్గు పీకేసి బయల్దేరింది. గడప గడపకీ వెళ్ళి ఒకటే మాట: సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా టీవీలొద్దు, మిక్సీలొద్దు, గొడవలొద్దు. కాదన్న వాళ్ళు లేరు గానీ అందరూ వేలు సందు మొదటికే చూపించారు. "ముందు ఆయన మిషను ఆపించు, తర్వాత మా టీవీ సంగతి చూద్దాం" అన్నారు.

వెల్డరుగారు మంచివాడే. కానీ సాయంత్రం పని ఆపమనేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"నా పొట్ట కొడతావా వదినా? పగలంతా బిగింపు పనే సరిపోతుంది. కోత ఎప్పుడు కొయ్యను?"

"బడి గంట కొట్టాక కోసుకో. అప్పుడు పిల్లలు స్కూల్లో ఉంటారు."

ఆయన కళ్ళు చికిలించి నవ్వాడు. "సరే, ఒక పందెం. నువ్వు నెల్రోజులు ఏడు నుంచి తొమ్మిది దాకా నోరు విప్పకుండా ఉండు. ఒక్క మాట కూడా వినపడకూడదు. ఉంటే ఆ తర్వాత రోజూ ఆ రెండు గంటలూ నా మిషను ముట్టుకోను."

చుట్టూ ఉన్నవాళ్ళు కేకలేశారు. అది ఆవిడ వల్ల కాదని ఆయన ధీమా. నిజం చెప్పాలంటే నాదీ అదే నమ్మకం.

మొదటి రోజు ఏడు కొట్టగానే అత్తయ్య మెట్టు మీద కూర్చుని పెదాలు బిగించేసింది. సందులో వాళ్ళంతా ఏదో ఒక వంకతో అటూ ఇటూ తిరిగి చూసి పోయారు. లోపల పాలు పొంగిపోతుంటే ఆవిడ రెండు చేతులూ ఎత్తి పొంగుతున్నట్టు చూపించింది. నేను ఎవరో లావుపాటి చుట్టాలొచ్చారేమోనని బయటికి పరిగెత్తాను. పాలు పొయ్యిపాలయ్యాయి. మార్కెట్ నుంచి ఫోనొస్తే నా చేతిలో పెట్టి, తల ఊపడంతోనూ వేళ్ళతోనూ జవాబులు చెప్పించింది. రోజూ తొమ్మిది కొట్టీ కొట్టగానే మాటలన్నీ కట్ట తెగినట్టు వచ్చిపడేవి. మా ఆయన దిండు తీసుకుని వెనక వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు.

అసలు పరీక్ష ఇంకా ముందుంది. పందెం సగానికొచ్చాక ఒక సాయంత్రం మూడో ఇంటావిడ కొళాయి దగ్గర బిందెల వరస తప్పిందని చేతులు తిప్పుకుంటూ మా గుమ్మం ముందుకొచ్చింది. మా బిందె ముందు పెట్టడం ఏమిటని మొదలుపెట్టి, అత్తయ్య పెంపకం దాకా వెళ్ళింది. అత్తయ్య మెట్టు దిగి నిలబడింది. మొహం కందగడ్డలా అయింది, మెడ నరాలు ఉబ్బాయి. పెదాలు మాత్రం విడలేదు. నాకే ఉండబట్టక నోరు తెరవబోతే, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. మా ముందు గదిలో చదువుకోవడానికొచ్చిన టైలరు కూతురు, ఇంకో ఇద్దరు పిల్లలు పుస్తకాల మీంచి తలెత్తి చూస్తున్నారు.

అప్పుడు సందు మొదట్నుంచి వెల్డరుగారు వచ్చాడు. కళ్ళకు పెట్టుకునే అద్దం నెత్తి మీదికి తోసుకుని, చేతి తొడుగులతోనే వచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. పిల్లలు చదువుకుంటుంటే ఏంటా అరుపులు? నీ గొడవేదో తొమ్మిది తర్వాత పెట్టుకో!"

అనేశాక గానీ ఆయనకు వినపడలేదు, వెనక షాపులో తన మిషను ఇంకా మోగుతూనే ఉందని. అత్తయ్య మొహం చూశాడు. ఆ తర్వాత వెనక్కి నడిచి వెళ్ళి మిషను కట్టేశాడు. పందెం ఇంకా సగం ఉంది. అయినా ఆ సాయంత్రం నుంచి ఆ వేళకు ఆ షాపులో చప్పుడు లేదు.

తొమ్మిది కొట్టాక అత్తయ్య మూడో ఇంటికి వెళ్ళి బిందెల లెక్క వడ్డీతో సహా తేల్చుకొచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

సందు నిజంగానే సద్దుమణిగింది. టీవీలు ఆగాయి. ఇల్లు ఇరుకైన పిల్లలు మా ముందు గదిలోనే చేరేవారు. మంచం నిలబెట్టి గోడకు జరిపేసి చాప పరిచేవాళ్ళం. అయితే ఒకరోజు చూస్తే టైలరు కూతురు పుస్తకం ముందేసుకుని కళ్ళు తుడుచుకుంటోంది. తొమ్మిదయ్యేదాకా ఆగి అడిగింది అత్తయ్య.

"ఏమ్మా, సందంతా నోరు మూసుకు కూర్చున్నాం కదా, ఇంకేం కావాలి?"

"చెప్పేవాళ్ళు కావాలి మైకత్తా. ఎంతసేపు చూసినా ఈ లెక్క నాతో మాట్లాడట్లేదు."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఆ లెక్క వైపు చూశాను. తొమ్మిదో తరగతిలో మా అమ్మకు జబ్బు చేస్తే నా బడి ఆగిపోయింది. అయినా ఆ లెక్కలో మొదటి మెట్టు నాకు తెలుసు. "ఎక్స్ ఉన్నవన్నీ ఒక పక్కకి తెచ్చుకో," అన్నాను మెల్లగా. ఆ పిల్ల రాసుకుంది. రెండో మెట్టు దగ్గర నేనూ ఆగిపోయాను. అత్తయ్య మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

మర్నాడు ఫ్లాస్కులో టీ పోసుకుని నేను మార్కెట్‌కి వెళ్ళేసరికి టమాటా వేలం అయిపోయింది. ఉల్లిపాయలు మొదలవ్వాలి. ఆవిడ మాత్రం బస్తా మీద నిలబడి కొత్త పాట ఎత్తుకుంది.

"వినండర్రా! ఇప్పుడు పాటకొచ్చేది ఉల్లిపాయలు కాదు, గంటలు! మా సందు పిల్లలకు వారానికి ఒక గంట లెక్కలు చెప్పాలి. ఎవరు పాడతారు?"

అంతా నవ్వారు. "ఎంతకిస్తావక్కా?" అని ఎవరో అరిచారు.

"ఊరికే! నా దగ్గర టీ తప్ప ఇంకేం లేదు. పాడతారా, పోతారా?"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం జంకలేదు. చివరికి లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా, బక్కపల్చటి మనిషి, చెయ్యి ఎత్తీ ఎత్తనట్టు ఎత్తాడు.

"ఒక గంట... నేను చెప్తానమ్మా. డిగ్రీలో లెక్కలే చదివా."

"ఒక గంట ఒకటోసారి!" అత్తయ్య గొంతుకి రేకుల కప్పు అదిరింది. "లెక్కలు ఒక్క గంటేనా? అంతేనా? ఒక గంట రెండోసారి..."

"నావి రెండు గంటలు, సైన్సు!" అన్నాడు కాలేజీ క్యాంటీన్‌కి కూరగాయలు కొనే మేనేజరు.

గుమాస్తా వెనక్కి తిరిగి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అయితే నావీ రెండు," అన్నాడు పంతంగా.

ఆ పంతం ఏదో అందరికీ అంటుకుంది. కూరలకొచ్చిన మందుల షాపాయన ఇంగ్లీషు పాడాడు. బస్తాలు మోసే ఆయన ముందుకొచ్చి, "నాకు అక్షరం ముక్క రాదక్కా. క్లాసు వేళకి ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగేసే పని నాకు రాసుకో," అన్నాడు. "మూడోసారి!" అని అరిచి అరచేతిలో పిడికిలితో గుద్దింది అత్తయ్య. ఆ రోజు బస్తాల మధ్య నిలబడి, ఈవిడ మా అత్తయ్య అని పక్కనున్న వాళ్ళందరికీ చెప్పాలనిపించింది నాకు.

గుమాస్తాగారు మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ పాత బోర్డు ఒకటి పంపిస్తే వెల్డరుగారు దానికి ఇనుప స్టాండు చేసి తెచ్చాడు. నేను టీలు ఇచ్చి, గుమ్మంలో గరిటెతో నిలబడి వినేదాన్ని. రెండో వారంలో అనుకుంటా, అత్తయ్య వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది. చెవిలో గుసగుసగా, అంటే ఆవిడ గుసగుస, "ఎన్నాళ్ళు నిలబడి వింటావు? వెళ్ళి కూర్చో," అంది.

"ఈ వయసులోనా అత్తయ్యా? నవ్వుతారు."

"ఏడుకీ తొమ్మిదికీ మధ్య నవ్వమను, అప్పుడు చెప్తా వాళ్ళ పని."

చాప చివర, టైలరు కూతురి పక్కన కూర్చున్నాను. వంట ఆవిడ చేసేది, గిన్నెలు మా ఆయన కడిగేవాడు. నాకు ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష కట్టించింది కూడా ఆవిడే. నేను బెదిరిపోయి మానేస్తానన్న ప్రతిసారీ ఆ పిల్లే నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టేది. "అక్కా, నువ్వు లేకపోతే నాకు మొదటి మెట్టు ఎవరు చెప్తారు?" అనేది.

పరీక్షలకు మేమంతా మా ఆయన నడిపే డెలివరీ వ్యానులోనే వెళ్ళాం. ఫలితాలొచ్చిన రోజు మా సందులో ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. ఆ ఒక్కరికీ సైన్సు పోతే క్యాంటీన్ మేనేజరు తనకే పోయినట్టు బాధపడి, రోజూ వచ్చి చెప్పి సప్లిమెంటరీలో గట్టెక్కించాడు. టైలరు కూతురు ఇంటర్ ఒకేషనల్‌లో నర్సింగు తీసుకుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు లెక్కల్లోనే వచ్చాయి. వంకాయల వేలం మధ్యలో ఆపి అత్తయ్య ఆ సంగతి మార్కెట్ మొత్తానికి చెప్పిందట. ఆ రోజు వంకాయలు కొనడానికొచ్చిన వాళ్ళు ఇప్పటికీ నన్ను మార్కులడుగుతారు.

ఇది జరిగి నాలుగేళ్ళు దాటింది. నేను ఇంటర్ కూడా పూర్తి చేసి, గుమాస్తాగారికి వీలు కాని రోజుల్లో చిన్న క్లాసుల లెక్కలు నేనే చెప్తున్నాను, ఎవరు ఏ రోజు చెప్పాలో చూసుకునేదీ నేనే. మొన్న పక్క సందు ఆడవాళ్ళు నలుగురు, తమ సందులోనూ ఇలాగే పెట్టాలని మాట్లాడటానికి వచ్చారు. నేను లోపల బోర్డు దగ్గర భిన్నాలు చెప్తున్నాను. అత్తయ్య మెట్టు మీద కూర్చుని ఉంది. వాళ్ళు ఆవిణ్ణి ఏదో అడిగారు.

"నన్నడిగితే ఏం లాభం?" అంది అత్తయ్య. "ఇక్కడ అన్నీ చూసుకునేది మా కోడలు. ఆవిడ లోపల పాఠం చెప్తున్నారు. అయ్యాక ఆవిడతోనే మాట్లాడండి."

"ఆవిడ", "చెప్తున్నారు" అంటోంది నన్ను! పిల్లలకు రెండు లెక్కలిచ్చి, చాక్‌పీసు చేతిలో ఉండగానే బయటికొచ్చాను. అత్తయ్య మెట్టు మీంచి పక్కకు జరిగి, నేను కూర్చోడానికి చోటిచ్చింది.